తమ్ముడి బేస్ పెట్టెకి రెండుసార్లు చుట్టిన తీగ

నాకు అక్షరాలు యాభై రెండో ఏట వచ్చాయి. ఈ మాట ముందే చెప్పేస్తే మంచిది. నా రాతలో మాట్లాడే మాటే పడుతుంది. పుస్తకాల భాష కావాలంటే నా దగ్గర లేదు.

రాసేది మా తమ్ముడి గురించి, వాడి పెట్టె గురించి. పెట్టె అంటే బేస్ గిటారు మోగించే వాల్వు యాంప్లిఫయరు. లోపల గాజు బుడ్ల లాంటి వాల్వులుంటాయి. కరెంటిచ్చిన కాసేపటికి అవి ఎర్రగా వెలిగి, వేడెక్కాక గాని సెట్టు పలకదు. ఇప్పటివాళ్లు చాలామంది చూసి ఉండరు. కొల్లేటికి వరదొచ్చినప్పుడు అది తొమ్మిది రోజులు నీళ్లలో ఉండిపోయింది. బాగుచేసే పని నా చేతికొచ్చింది. మట్టలాదివారం నాడు దాన్ని చర్చిలో వాయించాలని మా తమ్ముడు ఆశపడ్డాడు. వాయించలేదు. అందులో నా పాలు ఎంతో ఇంతవరకు ఎవరికీ తెలియదు.

మాది కొల్లేటి లంక. దొరల కాలంలో కట్టిన చిన్న చర్చి, దాని చుట్టూ మా ఇళ్లు, ఇళ్ల చుట్టూ నీళ్లు. పదహారో ఏట నన్ను తాడేపల్లిగూడెం ఇచ్చారు. మా ఆయనకి ఉల్లిపాయల మార్కెట్టు వెనక సందులో ట్రాన్స్‌ఫార్మర్లు చుట్టే కొట్టుండేది. రేడియోలకి, మైకు సెట్లకి, ఆ తరవాత టీవీ స్టెబిలైజర్లకి. ట్రాన్స్‌ఫార్మరంటే ఏం లేదు. దారపు ఉండ లాంటి బాబిను మీద రాగి తీగ లెక్క ప్రకారం చుట్టి, చుట్టూ ఇనప రేకులు బిగించడం. ఆ రేకులు రెండు ఆకారాల్లో వస్తాయి, వాటిని ఈ రేకు, ఐ రేకు అంటారు. అవి ఇంగ్లీషు అక్షరాలని నాకు చాలా ఏళ్లు తెలీదు. పేరు రాయలేని రోజుల్లోనే ఈ రెండూ చీకట్లో తడిమి చెప్పేదాన్ని.

పెళ్లయిన రెండో నెలలోనే మా ఆయన నన్ను చుట్టుడు మిషను ముందు కూర్చోబెట్టాడు. చేత్తో తిప్పే మిషను. చుట్లు లెక్కపెట్టే గడియారంలాంటి ముళ్ల పెట్టె ఒకటి దానికి ఉండేది గాని ఎప్పుడో విరిగిపోయింది. నోటితోనే లెక్క. ధాన్యం కొలిచేటప్పుడు మా పుట్టింట్లో ఒకటి అనరు, లాభం అంటారు. లాభం, రెండు, మూడు, అలా సాగుతుంది. నా నోటికి అదే వచ్చు. నూరు కాగానే మూకుట్లో ఒక చింతగింజ వేసేదాన్ని. పన్నెండు గింజలైతే పన్నెండు వందల చుట్లు. మధ్యలో ఎవరైనా పలకరిస్తే జవాబిచ్చేదాన్ని కాదు. నాకు పొగరని సందులో పేరొచ్చింది అందుకే. కొంత పొగరు ఉండేది కూడాను.

ఒకసారి ఒక కాయిలులో మూడు చుట్లు తక్కువ పడ్డాయి. మా ఆయన చూశాడు. రోజంతా నేను చుట్టిన తీగ నా కళ్ల ముందే విప్పేశాడు. విప్పి నా ఒళ్లో పడేసి భోజనానికి లేచాడు. ఆ రోజు ఏడ్చాను. తరవాత నేనూ అలాగే తయారయ్యాను. పనిలోకి వచ్చిన ఆడపిల్లల తీగ నేనూ విప్పాను, వాళ్లూ ఏడ్చారు.

ఆయనకో నోటుబుక్కు ఉండేది. ఏ సెట్టు ట్రాన్స్‌ఫార్మరుకి ఎన్ని చుట్లు, ఎంత సన్నం తీగ, అన్నీ అందులో రాసుకునేవాడు. ఆయన పోయాక ఆ బుక్కు నా చేతిలో ఉండిపోయింది. అంకెలు నాకు వచ్చు. ఆ అంకె ఏ సెట్టుదో పక్కన రాసిన మాట రాదు. పని తెచ్చినవాడినే చదివి పెట్టమని బతిమాలాల్సి వచ్చేది. అది నచ్చక చర్చి హాల్లో పంతులమ్మగారి దగ్గర అ ఆలకి కూర్చున్నాను. చదువు మీద ప్రేమ అనుకునేరు, అన్నం కోసం. ఎనిమిది నెలలకి బుక్కు చదవగలిగాను. మొదట కూడబలుక్కున్న పేజీలోనే "బావమరిది బేస్ సెట్టు" అని ఉంది. అంటే మా తమ్ముడి పెట్టే. ఎప్పుడో ఒకసారి అది కాలిపోతే మా ఆయనే చుట్టి పెట్టాడు.

మా తమ్ముడు నాకంటే ఆరేళ్లు చిన్న. కుర్రతనంలో ఏలూరులో ఒక పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాలో బేస్ గిటారు వాయించేవాడు. ఎక్కడ నేర్చుకున్నాడంటే చూసి నేర్చుకున్నాడు. ఆ ఆర్కెస్ట్రా మూతపడ్డ రోజు ఎవరి వాయిద్యం వాళ్లు పట్టుకుపోయారు. ఈ పెట్టె ఇద్దరు మోస్తే గాని లేవదు, ఎవరికీ అక్కర్లేకపోయింది. వీడు పడవలో వేసుకుని లంకకి తెచ్చాడు. పడవ ఒక పక్కకి ఒరిగిపోతే, మునిగితే నన్ను వదిలేసి దీన్ని పట్టుకోండిరా అని పడవవాడితో అన్నాడట. ఫారిన్‌ది, ఏ కంపెనీదో తెలీదు, పేరు బిళ్ల ఎప్పుడో ఊడిపోయింది. అప్పట్నుంచి అది మా చర్చిలో, బలిపీఠానికి ఎడమ పక్కన ఉండేది. వాడు ఆదివారం దాని ముందు నిలబడేవాడు, మిగతా ఆరు రోజులూ చేపల చెరువుల మీద పనికిపోయేవాడు.

చెరువుల మీద వాడి పని పిల్ల లెక్క. పిల్ల అంటే చేపపిల్లలు. సంచుల్లో తెచ్చిన పిల్లల్ని చిన్న గిన్నెతో తీసి, లెక్కపెట్టి చెరువులో వదలాలి. అందరూ గిన్నెకి ఇన్నని ఉజ్జాయింపుగా పోస్తారు. వీడు ఒక్కొక్కటీ చూసేవాడు. వీడు నూరన్నాడంటే రైతు ఇంక మాట్లాడేవాడు కాదు.

రెండేళ్ల కిందట వాడి మూత్రపిండాలు పోయాయి. వారానికి రెండుసార్లు ఏలూరు వచ్చి డయాలసిస్ చేయించుకోవాలి. అప్పటికి నేను గూడెంలో కొట్టు ఎత్తేసి, మిషను పట్టుకుని ఏలూరు వచ్చేశాను. తమ్మిలేరు పక్కన ఒక గది. ఆసుపత్రిలో మిషను దిగాక వాడు నా గదికొచ్చి, సాయంత్రం బస్సుదాకా పడుకునేవాడు. మంచినీళ్లు కొలిచి ఇవ్వాలి, అర గ్లాసు. చుట్టూ నీళ్లలో పుట్టినవాడికి నేను నీళ్లు కొలిచి ఇచ్చేదాన్ని.

వరద ఆ ఏడే వచ్చింది. చర్చిలో బెంచీల మీదికి నీళ్లొచ్చాయి. పెట్టెని బెంచీ మీదే పెట్టారు, అంతకంటే ఎత్తు చోటు లేదు. నీళ్లు దిగాక మావాళ్లు దాన్ని గట్టు మీదికి మోసుకొచ్చి చెరువు పైపుతో కడిగి, ఎండు చేపల పక్కన ఎండబెట్టారు. తరవాత ఏలూరులో ఇద్దరికి చూపిస్తే ఇద్దరూ తూకానికి వెయ్యమన్నారు. చర్చివాళ్లు కొత్త డిజిటల్ పెట్టె కొన్నారు, తేలిగ్గా ఒక చేత్తో ఎత్తేది. మా తమ్ముడు ఒక్క ఆదివారం అందులో వాయించి గిటారు గోడకి తగిలించేశాడు.

క్రిస్మస్ వెళ్లాక ఒక డయాలసిస్ రోజున నన్ను అడిగాడు. వాడి ఎడమ చేతికే సూదులు పొడుస్తారు. తీగలు నొక్కాల్సిందీ ఆ చెయ్యే. వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయి, ఇంకెన్నాళ్లు వంగుతాయో తెలీదు, మట్టలాదివారం ఒక్కనాడు ఆ పెట్టెలోంచి వాయిస్తే చాలు అన్నాడు. మట్టలాదివారమంటే ఈస్టరుకి ముందు వచ్చే ఆదివారం. మా లంకలో పిల్లా పెద్దా ఈత మట్టలు పట్టుకుని గట్టు చుట్టూ తిరిగి చర్చిలోకొస్తారు. ఆ అడుగుల వరసకి వీడి గిటారే ఆధారం. నలభై ఏళ్లు ఒక్క ఏడూ మానలేదు. నేను చూస్తాలే అన్నాను. నాకప్పటికి డెబ్బై దాటింది. కంటి ఆపరేషను అయినా సన్న తీగ సరిగ్గా ఆనదు. అయినా చూస్తాలే అన్నాను.

పెట్టెని ఆటోలో తెప్పించాను. మా వీధి చివర టీవీలు బాగుచేసే ఆయన ఉన్నాడు, నలభై ఏళ్లుంటాయి, నన్ను మామ్మగారండీ అంటాడు. వెనక రేకు ఇద్దరం కలిసి విప్పాం. లోపల గుర్రపుడెక్క వేళ్లు జడలా పట్టేసి ఉన్నాయి. ఒక వాల్వు కుదురు మధ్యలో పరిగి చేపపిల్ల ఒకటి ఎండిపోయి, రేకుకి అంటుకుని ఉంది. పట్టకారుతో తీశాను. స్పీకరు కాగితం అట్టలు అట్టలుగా విడిపోయింది. వాల్వులు మాత్రం, చెబితే నమ్మరు, తుడిస్తే మెరిశాయి. గాజు కదా.

టీవీ ఆయన కండెన్సర్లన్నీ మార్చాడు. కుదుళ్లు గీకి శుభ్రం చేశాడు. స్పీకరుకి కొత్త కాగితం బెజవాడలో వేయించుకొచ్చాడు. కరెంటు లోపలికి తెచ్చే పెద్ద ట్రాన్స్‌ఫార్మరు ఎండలోనూ బల్బు వేడిలోనూ వారం రోజులుంచితే కోలుకుంది. స్పీకరుకి పలుకు పంపించే రెండోది మాత్రం కోలుకోలేదు. తీగ పచ్చగా చిలుం పట్టి ముట్టుకుంటే పొడి అయింది. అలాంటిది బజార్లో దొరకదు. చుట్టాలి. మా ఆయన బుక్కులో పేజీ తీశాను. ఒక పక్క పన్నెండు వందల చుట్లు, రెండో పక్క పన్నెండు వందలు. కింద ఆయనే గీత గీసి రాశాడు, రెండు పక్కలూ సమానం ఉండాలి అని. రెండు వాల్వులు చెరో పక్కా లాగుతాయి. ఒక పక్క ఎక్కువైతే సెట్టు గుర్రుమంటుంది, ఒక వాల్వు మీద భారం పడుతుంది.

సన్న తీగ ఒక్క రీలే మిగిలుంది నా దగ్గర, ఒక కాయిలుకి సరిపోయి కాస్త మిగిలేంత. మొదటి పక్క నేనే లెక్కపెట్టి చుట్టాను, రెండు రోజులు పట్టింది. పూర్వం అయితే గంటన్నర పని. ఇప్పుడు అరవై, డెబ్బై దాటేసరికి మనసు ఎటో పోతుంది, అరవై తొమ్మిదా డెబ్బై తొమ్మిదా అని ఆగిపోతాను. వెనక్కి విప్పి మళ్లీ చుడతాను. రెండో పక్క మొదలెట్టే రోజు మా తమ్ముడు డయాలసిస్ అయి వచ్చి మంచం మీద పడుకుని చూస్తున్నాడు. నువ్వు చుట్టుకో, లెక్క నేను పెడతాను అన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. వాడికంటే లెక్క తెలిసినవాడు కొల్లేట్లో ఎవరున్నారు? వాడిదీ మా పుట్టింటి లెక్కే. లాభం, రెండు, మూడు. నేను తిప్పుతున్నాను, తీగ పక్కపక్కనే పడేలా వేలితో ఆనించి చూసుకుంటున్నాను, వాడు మంచం మీద కూర్చుని పైకి అంటున్నాడు. నూరు అనగానే గింజ వేసేవాడు, ఊపిరి తీసుకునేవాడు, మళ్లీ లాభం అనేవాడు. నా చెయ్యి ఆగలేదు. ఆగమని వాడూ అనలేదు. ఒక్క మధ్యాహ్నంలో అయిపోయింది. అంత హాయిగా పనిచేసి ఎన్నేళ్లయిందో. మధ్యలో ఒకసారి, అక్కా, నీకు కూలికొచ్చినందుకు కాఫీ అయినా పొయ్యవా అన్నాడు. నీకు కాఫీ లేదురా, డాక్టరు తంతాడు అన్నాను.

రేకులు బిగించి వార్నిష్‌లో ముంచి, ఎండబెట్టి, మట్టలాదివారం ఇంకా పది రోజులుందనగా పెట్టెకి వేశాం. టీవీ ఆయన కరెంటు ఒక్కసారిగా దూకకుండా బల్బు అడ్డంపెట్టి ఇచ్చాడు. వాల్వులు వెలిగాయి. ఆయన ఫోనులోంచి పాట పెట్టాడు. నా గదిలో మూకుళ్లు కదిలాయి. ఆ గొంతు నాకు తెలుసు. మా చర్చిలో నేను పుట్టింటికి వెళ్లినప్పుడల్లా విన్న గొంతు అది. ఆయన చిన్నపిల్లాడిలా సంబరపడిపోయాడు.

పాట ఆపాక గుర్రు వినపడింది. పిల్లి నిద్దరోతున్నంత. "పాత సెట్టుకి ఈ మాత్రం ఉంటుందండి మామ్మగారూ, బంగారంలా ఉందండి" అన్నాడాయన. నేను వాల్వుల దగ్గర చెయ్యి పెట్టి చూశాను. ఒకటి రెండో దానికంటే ఎక్కువ వేడిగా ఉంది. ఆయన్ని పంపించేసి కాయిలు తీగలు విడదీశాను. స్పీకరు వైపు తీగకి చిన్న కరెంటిచ్చి, ఇటు పక్కా అటు పక్కా మీటరు పెట్టి చూస్తే రెండు పక్కలూ సమానమో కాదో చెప్పేస్తుంది. సమానం లేవు. వాడు లెక్కపెట్టిన పక్క ఎక్కువ. ఎంతెక్కువో లెక్కేశాను. అరవై చుట్లు. పన్నెండు వందలకి అరవై. అంటే నూటికి ఐదు.

అప్పుడు తెలిసింది నాకు. పిల్ల లెక్కపెట్టేవాళ్లు నూటికి ఐదు కొసరు వేస్తారు. సంచిలో వచ్చిన పిల్ల కొంత చస్తుంది, రైతు నష్టపోకూడదని నూరు అన్నాక నోరు మూసుకుని ఐదు వదులుతారు. అవి లెక్కలోకి రావు. ఊపిరి తీసుకుంటున్నాడు పాపం అనుకున్నాను నేను. ఆ ఊపిరిలో ఐదు చుట్లు తిరిగాయి.

తరవాతి డయాలసిస్ రోజు వాడు వచ్చాడు. అర గ్లాసు నీళ్లిచ్చాను. తాగనిచ్చి అడిగాను.

"ఒరే, నూరు అన్నాక ఏం చేశావురా?"

"ఏం చేస్తాను, గింజ వేశాను."

"గింజ వేశాక?"

వాడి పెదాలు కదిలాయి, లోపల లెక్కపెట్టుకుంటున్నట్టు. "ఐదు వదిలాను" అన్నాడు. మళ్లీ నన్నే అడిగాడు, "వదిలానా?" అని.

"రాగి తీగ దారిలో చస్తుందా, కొసరు వెయ్యడానికి?"

నవ్వాడు. నవ్వితే దగ్గొచ్చింది. "ఒట్టక్కా, వదిలినట్టు నాకే తెలీదు. నలభై ఏళ్ల నోరు ఇది. నూరంటే నూటైదు దీనికి" అన్నాడు. అని, పెట్టె వంక చూసి, "మోగుతోందా లేదా?" అన్నాడు.

మోగుతోందన్నాను. గుర్రుందన్నాను. పెట్టమన్నాడు. తీగలు మళ్లీ కలిపి కరెంటిచ్చాను. వాడు లేచొచ్చి అరచెయ్యి స్పీకరు గుడ్డ మీద ఆనించాడు. గిటారు లంకలో ఉండిపోయింది, లేకపోతే అప్పుడే వాయించేవాడు. ఉత్త గుర్రునే చాలాసేపు విన్నాడు. మా చర్చి ఫ్యాన్ల చప్పుడు ఇంతకంటే ఎక్కువ అన్నాడు. ఒక వాల్వు మీద బరువు పడుతోంది, ఆర్నెల్లకి పోతుంది అన్నాను.

"ఆర్నెల్లు నాకెందుకక్కా" అన్నాడు. నేను ఖాళీ గ్లాసు తీసి పక్కన పెట్టాను.

"అలాగే బిగించి ఇచ్చెయ్యి. నేను వాయించేది ఒక్క ఆదివారం."

"తప్పని తెలిసిన పని నా గుమ్మం దాటదు" అన్నాను.

వాడు నీ ఇష్టం అక్కా అని చెప్పులేసుకున్నాడు. బస్సుకింకా గంట ఉంది. వచ్చినప్పుడల్లా ఆ గంట పడుకునేవాడు, ఆ రోజు వెళ్లి బస్టాండులో కూర్చున్నాడు.

వాడు వెళ్లగానే నేను కాయిలు ఊడదీసి, ఎక్కువ పడ్డ పక్క కత్తిరించేశాను. వార్నిష్ తాగిన తీగ విప్పడానికి రాదు, కొయ్యాల్సిందే. కోస్తుంటే రెండో పక్క కూడా తెగింది. మొత్తం పోయింది. ఎందుకు అంత తొందరగా కోశానంటే, తెల్లారితే మనసు మారుతుందేమోనని. ఆ మాట అప్పుడు నాకు తెలుసు. మా ఆయన అలా నేర్పాడని ఎవరితోనైనా చెప్పొచ్చు. అది నిజం కాదు. ఆయన పోయి ఇరవై ఏళ్లయింది, నా చెయ్యి పట్టుకునేవాడు ఎవరూ లేరు. నా చేతి పని గుర్రుమంటూ మా పుట్టింటి చర్చిలో కూర్చుంటే, ముసల్దానికి చెయ్యి పడిపోయిందని అంటారని నా బాధ. ఇప్పుడు ఆలోచిస్తే అక్కడ అనేవాడెవడు? అక్కడ ట్రాన్స్‌ఫార్మరంటే కరెంటు స్తంభం మీద ఉండేదొకటే తెలుసు వాళ్లకి.

సన్న తీగ ఏలూరులో దొరకలేదు. ఇక్కడ దొరికేవన్నీ చెరువు నీళ్లకి గాలి పట్టించే ఏరేటరు మోటార్లకి చుట్టే లావు తీగలు. బెజవాడలో చెప్పించాను. రేపు, ఎల్లుండి అని ఆరు రోజులు తిప్పారు. తీగ వచ్చేసరికి మట్టలాదివారం రెండు రోజుల్లోకొచ్చింది. ఆ మధ్యలో వాడు రెండుసార్లు డయాలసిస్‌కి వచ్చాడు. పెట్టె ఊసు ఎత్తలేదు. బాబిను ఖాళీగా కనపడుతూనే ఉంది మంచానికి ఎదురుగా.

శనివారం మా మరదలు ఫోను చేసింది. వాడి భార్య. మంచి మనిషి, పదో తరగతిదాకా చదివింది, నా దగ్గర ఎప్పుడూ గొంతు పెంచి ఎరగదు. "వదినగారండీ, పెట్టె అయిపోయిందాండీ? రేపే మట్టలండి. ఆయన అడగరు గాని గిటారు తుడుచుకుంటున్నారండి" అంది.

నేను ఏం చెప్పానో రాస్తాను. నీళ్లు తిన్న సరుకు కదమ్మా, తొందరపడితే కుదరదు, ఈస్టరుకి చూద్దాం అన్నాను. తప్పంతా నీళ్ల మీద పెట్టేశాను. వాడు ఇంట్లో ఏమీ చెప్పలేదన్నమాట. అక్క చూస్తోంది అనే చెప్పుకొచ్చాడు.

మట్టలాదివారం వాడు మట్ట పట్టుకుని గట్టు చుట్టూ తిరగలేకపోయాడు. ముందే వెళ్లి చర్చిలో వెనక బెంచీలో కూర్చున్నాడు. కీబోర్డు అబ్బాయి ఒక్కడే వాయించాడు. ఇంటికొచ్చాక వాడు, కీబోర్డు పరిగెడుతోంది, వెనక్కి లాగేవాడు లేడు, జనం అడుగు కలవలేదు అన్నాడని మా మరదలు చెప్పింది. అన్నం తిని పడుకున్నాడట.

బుధవారం డయాలసిస్‌కి వస్తూ గట్టు మీద ఆటోలోనే పోయాడు. గుండె ఆగిపోయిందన్నారు. నాకు కబురొచ్చినప్పుడు రెండో కాయిలు డాబా మీద ఎండలో ఉంది, వార్నిష్ ఇంకా వేలికి అంటుతోంది. ఈసారి లెక్క తప్పకుండా పదేసి చుట్లకి కాగితం మీద గీత పెట్టుకుంటూ చుట్టాను. దాన్ని అలాగే వదిలి లంకకి వెళ్లాను. శుక్రవారం మట్టి చేశారు. ఈస్టరు నాడు చర్చికి నేను వెళ్లలేదు.

తిరిగొచ్చాక వారానికి కాయిలు బిగించాను. మీటరు పెట్టాను. ఇటు ఎంతో అటూ అంతే, చివరి అంకెదాకా. కరెంటిచ్చాం. వాల్వులు వెలిగాయి, రెండూ ఒకే వేడి. గుర్రు లేదు. చెవి ఆనిస్తే గాని సెట్టు ఉందో లేదో తెలీదు. ఇలాంటి పని నేను చూడలేదండి మామ్మగారూ అన్నాడు టీవీ ఆయన. నేను లేచి డాబా మీదికి వెళ్లాను. ఆయనే ఆపి, తలుపు దగ్గరగా వేసి వెళ్లినట్టున్నాడు.

పెట్టెని ఆటోలో లంకకి తీసుకెళ్లాం. చర్చిలో పాత చోటే పెట్టారు. అయ్యగారు, అంటే మా పాస్టరుగారు, ప్రార్థన చేశారు. వాయించేవాళ్లు లేరు. గిటారు మా మరదలి ఇంట్లో గోడకి ఉంది, ఆవిడ ఇస్తానంది గాని తీసుకునే చెయ్యి లేదు. ఊరికే ఉంచడమెందుకని అయ్యగారు మైకు దానికి తగిలించారు. ఇప్పుడు ఆదివారం ప్రకటనలు అందులో చదువుతున్నారు. ఎవరింట్లో ప్రార్థన కూడిక, ఎవరి బిడ్డకి బాప్తిస్మం, గట్టు మరమ్మతుకి ఎవరెవరు రావాలి. బేస్ స్పీకరు కదా, మనిషి మాట బానలోంచి వచ్చినట్టుంటుంది. సగం అర్థం కాదని ముసలాళ్లు గొణుగుతున్నారు. కొత్త పెట్టెకే మార్చేస్తారేమో. మార్చుకోనీ.

ఆ రోజు మా మరదలు నన్ను ఇంటికి తీసుకెళ్లి అన్నం పెట్టింది. నా ప్లేటులో ముళ్లు తీసి చేప ముక్క వేస్తూ, "ఆయనకి ప్రాప్తం లేదండి వదినగారూ. మీరు మాత్రం ఏం చేస్తారండి, అన్ని రోజులు నీళ్లలో నానిన వస్తువు" అంది. నేను తలొంచుకుని తిన్నాను. రెండోసారి వడ్డిస్తే అదీ తిన్నాను. నోరు తెరిచి చెప్పడానికి గంట టైముంది, చెప్పలేదు. సాయంత్రం బస్సుకి వచ్చేశాను.

ఇప్పుడు రాశాను. అక్షరాలు వంకరగా ఉన్నా ఆవిడ చదువుకోగలదు. ఎవరికి చూపించినా ముందు ఆవిడకే ఇస్తాను, వచ్చే ఆదివారం, చర్చి అయ్యాక, చేతికే. చదివాక నన్ను కూర్చోబెడుతుందో, పొమ్మంటుందో ఆవిడ ఇష్టం. అమ్మా, మట్టలాదివారానికి పది రోజుల ముందే ఆ పెట్టె మోగింది. వాడు చెయ్యి ఆనించి విన్నాడు. ఇలాగే ఇచ్చెయ్యమని అడిగాడు. నేనివ్వలేదు.